భారీ గ్రహాల మీద గాలి, వాన, తుఫాను: తరచుగా అడిగే ప్రశ్నలు

గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్. ఈ నాలుగు గ్రహాల వాతావరణం గురించి ఎక్కడ మాట్లాడినా అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. టెలిస్కోప్ దగ్గర వరుసలో నిలబడ్డ పిల్లలు అడిగేవి కొన్ని, వాట్సాప్‌లో తిరిగే వార్త చదివి పెద్దవాళ్ళు అడిగేవి కొన్ని. ప్రశ్నలను అడిగినవాళ్ళ మాటల్లోనే ఉంచాను. ఏ జవాబు ఆ జవాబుకే పూర్తి, కాబట్టి ఎక్కడినుంచైనా చదవొచ్చు.

## మొదట్లో వచ్చే సందేహాలు

గురుడి మీద నేలే లేదంటారు, మరి వాతావరణం దేని మీద నిలబడి ఉంది?

దేని మీదా నిలబడి లేదు. గురుడు దాదాపు మొత్తం హైడ్రోజన్, హీలియం. పైనుంచి దిగుతూ పోతే వాయువు చిక్కబడుతుంది, వేడెక్కుతుంది. ఇంకా లోతుకు పోతే ద్రవంలా, మరీ లోతున లోహంలా ప్రవర్తిస్తుంది. ఇక్కడితో గాలి అయిపోయింది, ఇక్కడినుంచి సముద్రం అని గీత గీయడానికి చోటే దొరకదు. అందుకని శాస్త్రవేత్తలు తమలో తాము ఒక ఒప్పందం చేసుకున్నారు. పీడనం 1 బార్, అంటే మన సముద్రమట్టం దగ్గర ఉండేంత, ఎక్కడ ఉంటే అదే సున్నా ఎత్తు. గురుడిలో ఆ మట్టం దగ్గర సుమారు మైనస్ 108 డిగ్రీల చలి.

నేల లేకపోతే గాలికి వచ్చే తేడా ఏమిటి?

చాలా తేడా. బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను విశాఖ దగ్గరో కాకినాడ దగ్గరో తీరం దాటాక ఒకటి రెండు రోజుల్లో వాయుగుండంగా, తర్వాత అల్పపీడనంగా బలహీనపడిపోతుంది. వెచ్చని సముద్రం నుంచి అందే ఆవిరి ఆగిపోతుంది, నేల రాపిడి గాలి వేగాన్ని తగ్గిస్తుంది. భారీ గ్రహాల మీద తీరం దాటడమనే మాటే లేదు. అక్కడ ఒకసారి తిరగడం మొదలుపెట్టిన సుడికి శక్తి పోగొట్టుకునే దారులు తక్కువ. ఈ గ్రహాల వాతావరణంలో మనకు వింతగా కనిపించేవాటిలో సగానికి మూలం ఇదేనని నా అభిప్రాయం.

సూర్యుడు అంత దూరంలో ఉంటే ఆ గాలుల్ని కదిలించే శక్తి ఎక్కడిది?

ఎండతోపాటు సొంత శక్తి కూడా పెద్ద వాటాలోనే ఉంది. నాలుగున్నర వందల కోట్ల ఏళ్ళ క్రితం ఈ గ్రహాలు కుంచించుకుంటూ రూపుదిద్దుకున్నప్పుడు పోగైన వేడి ఇంకా పూర్తిగా చల్లారలేదు. శని సూర్యుడి నుంచి తీసుకున్న దానికి సుమారు 1.8 రెట్ల వేడిని బయటికి పంపుతున్నాడు. నెప్ట్యూన్ 2.6 రెట్లు. గురుడు కూడా ఒకటిన్నర రెట్లకు పైమాటే. శని లోపల హీలియం బొట్లు బొట్లుగా విడిపోయి లోతుకు రాలుతుంది. ఆ రాలడం వల్ల కూడా కొంత వేడి పుడుతుంది.

వేడి పైనుంచి ఎండగానే కాక, పొయ్యి మీద గిన్నెలోలాగా అడుగునుంచి కూడా వస్తోంది. దాని ఫలితం 1970లలో పయొనీర్ నౌకలు గురుడి పక్కనుంచి వెళ్ళినప్పుడే కనిపించింది. మేఘాల మట్టంలో ధ్రువాలకూ మధ్యరేఖకూ మధ్య ఉష్ణోగ్రత తేడా చాలా తక్కువ. మన భూమి మీద ఆ తేడాయే గాలులకు ముఖ్యమైన చోదకశక్తి.

అక్కడి మేఘాలు మన మేఘాల్లాగా నీటివేనా?

నీటి మేఘాలు ఉన్నాయి, కానీ అడుగున. గురుడి ఫోటోల్లో మనం చూసేది పైనున్న అమ్మోనియా మంచు మేఘాల పొర. దాని కింద అమ్మోనియం హైడ్రోసల్ఫైడ్ మేఘాలు, ఇంకా కింద నీటి మేఘాలు. శనిలోనూ ఇదే వరుస. కాకపోతే అక్కడ చలి ఎక్కువ, గురుత్వం తక్కువ. అందుకే పొరలు ఇంకా లోతుగా, ఎడంగా ఉంటాయి. పైన పొగమంచు దట్టం కావడంతో శని ముఖం లేత పసుపుగా, మసకగా కనిపిస్తుంది.

యురేనస్, నెప్ట్యూన్‌లలో పైన మీథేన్ మేఘాలు, వాటి కింద హైడ్రోజన్ సల్ఫైడ్. హవాయీలోని జెమిని టెలిస్కోప్‌తో తీసిన కొలతల్లో యురేనస్ మేఘాల పైన హైడ్రోజన్ సల్ఫైడ్ ఆనవాలు దొరికిందని 2018లో ప్రకటించారు. కుళ్ళిన కోడిగుడ్డు వాసనొచ్చే వాయువు అదే. పిల్లలకు ఈ ఒక్క సంగతి చెబితే యురేనస్‌ను జన్మలో మరిచిపోరు.

గురుడి మీద వాన పడుతుందా?

పడుతుంది, కానీ ఎక్కడా నేల తాకదు. నీటి మేఘాల్లోంచి రాలిన చినుకులు కిందికి పోయేకొద్దీ వేడికి మళ్ళీ ఆవిరై పైకి లేస్తాయి.

వడగళ్ళ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. బలమైన గాలివానలు నీటి మంచు రేణువుల్ని చాలా ఎత్తుకు విసిరినప్పుడు అక్కడున్న అమ్మోనియా వాటిని కరిగించేస్తుంది. మైనస్ 88 డిగ్రీల కన్నా చలిలో కూడా ఆ మిశ్రమం ద్రవంగా ఉండగలదు. దాని మీద మంచు పేరుకుని, లోపల మెత్తగా బయట గట్టిగా ఉండే ఉండలు తయారై చాలా లోతుకు రాలతాయని, గురుడిని పరిశీలించడానికి నాసా పంపిన జూనో నౌక కొలతల ఆధారంగా 2020లో శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. అమ్మోనియా ఉండాల్సిన చోట ఎందుకు తక్కువగా ఉందన్న చిక్కుముడికి ఇప్పటివరకు వచ్చిన జవాబుల్లో నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

గురుడికి ఎండాకాలం, చలికాలం ఉంటాయా?

చెప్పుకోదగ్గవి లేవు. గురుడి అక్షం 3 డిగ్రీలే వాలి ఉంది, భూమిది 23.4. శని 26.7 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి అక్కడ ఋతువులు స్పష్టంగా ఉంటాయి.

## పట్టీలు, గాలులు

గురుడి మీద కనిపించే ఆ చారలు ఏమిటి?

తెల్లగా కనిపించేవి అమ్మోనియా మేఘాలు ఎత్తుగా, దట్టంగా ఉన్న పట్టీలు. గోధుమ రంగువి ఆ పైమేఘాలు పలచబడి లోపలి పొరలు కనిపించే పట్టీలు. ఒక్కో పట్టీ అంచున గాలి ఒక దిక్కుకు, పక్క పట్టీ అంచున ఎదురు దిక్కుకు వీస్తుంది. ఇలా తూర్పుకూ పడమరకూ మార్చి మార్చి వీచే వేగమైన గాలుల్నే జెట్ స్ట్రీములు అంటారు. మధ్యరేఖ దగ్గర గురుడి గాలి తూర్పు వైపు గంటకు 360 కి.మీ. పైగా వేగంతో వీస్తుంది.

తెల్ల పట్టీల్లో గాలి పైకి లేస్తుంది, గోధుమ పట్టీల్లో కిందికి దిగుతుంది అని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. 2000 చివర్లో శని వైపు బయల్దేరిన కాసిని నౌక గురుడి పక్కనుంచి వెళ్తూ తీసిన ఫోటోల్లో మాత్రం పైకి లేచే చిన్న గాలివాన మేఘాలు గోధుమ పట్టీల్లోనే కనిపించాయి. పైపొరలో ఒక దిక్కు, అడుగుపొరలో దానికి ఎదురు దిక్కు ప్రసరణ ఉందని ఇప్పుడు అనుకుంటున్నారు. పాత బొమ్మ తప్పని కాదు, అది పైభాగానికే సరిపోతుంది.

గాలి అలా పట్టీలుగా ఎందుకు విడిపోతుంది? మన దగ్గర అలా లేదే?

మన దగ్గరా ఉంది, తక్కువ పట్టీలతో. మధ్యరేఖకు అటూ ఇటూ తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు, వాటికి అవతల ధ్రువాల వైపు పశ్చిమ పవనాలు, ధ్రువాల దగ్గర మళ్ళీ తూర్పు గాలులు.

తేడా పరిమాణంలోనూ, తిరిగే వేగంలోనూ ఉంది. గురుడి అడ్డుకొలత భూమికి 11 రెట్లు. అయినా తన చుట్టూ తాను తిరగడానికి 9 గంటల 55 నిమిషాలే తీసుకుంటాడు. లెక్క వేస్తే మధ్యరేఖ దగ్గర మేఘాలు గంటకు 45,000 కి.మీ. వేగంతో గ్రహంతోపాటు తిరుగుతున్నాయి. మన దగ్గర అది 1,670. అంత వేగంగా తిరిగే గోళం మీద ఉత్తర దక్షిణాలుగా పోవాలని చూసిన గాలిని కొరియోలిస్ ప్రభావం పక్కకు తిప్పేస్తుంది. అది తూర్పు పడమరలుగానే సాగాల్సి వస్తుంది.

ఇక జెట్లకు బలం ఎక్కడినుంచి వస్తుందంటే, చిన్న సుడుల నుంచి. మామూలుగా పెద్ద ప్రవాహం చిన్న సుడులుగా చీలి అణగారిపోతుందని మన అనుభవం. వేగంగా తిరిగే పలుచని పొరలో ఇది తిరగబడుతుంది. చిన్న సుడులు తమ వేగాన్ని పెద్ద ప్రవాహానికి అప్పగించి కలిసిపోతాయి. వాయేజర్, కాసిని నౌకల ఫోటోల్లో వేల కొద్దీ మేఘాల కదలికల్ని కొలిచి దీన్ని నిర్ధారించారు.

ఆ గాలులు పైపైన వీచేవేనా, లోతుకు పోతాయా?

గురుడిలో సుమారు 3,000 కి.మీ. లోతు వరకు పోతాయి. జూనో నౌక గురుడి దగ్గరగా దూసుకెళ్ళేటప్పుడు దాని వేగంలో వచ్చే అతి చిన్న మార్పుల్ని రేడియో సంకేతాలతో కొలిచారు. లోపలి వాయువు కదలిక వల్ల గురుత్వంలో ఉత్తర దక్షిణార్ధగోళాల మధ్య తేడా వస్తుంది, ఆ తేడా నుంచి లోతు లెక్క తేలింది. 2018లో ఈ ఫలితం వచ్చేదాకా దాదాపు నలభై ఏళ్ళు రెండు వర్గాల వాదన నడిచింది. మేఘాల పొరలోనే ఆగిపోతాయని ఒకరు, గ్రహం లోలోపలికి పోతాయని ఇంకొకరు.

ఆగేచోటు ఎందుకు అక్కడ? ఆ లోతులో పీడనం దాదాపు లక్ష రెట్లు పెరిగి హైడ్రోజన్‌లో విద్యుత్తు ప్రవహించడం మొదలవుతుంది. అయస్కాంత క్షేత్రం దాన్ని పట్టుకుని వెనక్కి లాగుతుంది. శని గురుత్వం తక్కువ కాబట్టి అంత పీడనం రావడానికి ఇంకా లోతుకు పోవాలి. అక్కడ గాలులు సుమారు 9,000 కి.మీ. లోతు వరకు ఉన్నాయని కాసిని చివరి కక్ష్యల్లో తెలిసింది.

నేలే లేనప్పుడు గాలి వేగం దేనితో పోల్చి చెబుతారు?

నాకు వచ్చే ప్రశ్నల్లో అన్నిటికన్నా తెలివైనది ఇది. గ్రహం అయస్కాంత క్షేత్రం లోలోపల పుడుతుంది. గ్రహంతోపాటు ఆ క్షేత్రం తిరుగుతుంటే దాని రేడియో తరంగాలు ఒక లయలో పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. ఆ లయే లోపలి భాగం తిరిగే కాలం అనుకుని, మేఘాలు అంతకన్నా ఎంత ముందుకో వెనక్కో పోతున్నాయో చూస్తారు. గురుడికి ఇది చక్కగా కుదిరింది.

శని దగ్గరే చిక్కు వచ్చింది. శని అయస్కాంత అక్షానికీ భ్రమణ అక్షానికీ మధ్య వాలు 0.01 డిగ్రీ కూడా లేదు, అందుకని క్షేత్రం తిరిగినా లోపలి భాగం లయ బయటికి తెలియదు. వాయేజర్ నౌకలు 10 గంటల 39 నిమిషాలు అన్నాయి. పాతికేళ్ళ తర్వాత వెళ్ళిన కాసినికి అదే రేడియో లయ 10 గంటల 45 నిమిషాలకు పైగా కనిపించింది. అంత భారీ గ్రహం పాతికేళ్ళలో అంతగా నెమ్మదించడం అసాధ్యం. చివరికి శని లోపలి కంపనాల వల్ల వలయాల్లో లేచే అలల్ని చదివి 2019లో 10 గంటల 33 నిమిషాల 38 సెకన్లు అని తేల్చారు.

దీనివల్ల మేఘాల కదలికలో ఏ మార్పూ లేకుండానే, శని మధ్యరేఖ గాలి వేగం కాగితం మీద గంటకు సుమారు 300 కి.మీ. తగ్గింది. పాత పుస్తకాల్లో కనిపించే 1,800 కి.మీ. అంకె వాయేజర్ లెక్క ప్రకారం వేసినది.

గురుడి మీద ఒక పట్టీ మొత్తం మాయమైందని విన్నాను, నిజమేనా?

నిజమే. 2010లో గురుడు సూర్యుడి వెనకనుంచి బయటికి వచ్చేసరికి మధ్యరేఖకు దక్షిణాన ఉండే పెద్ద గోధుమ పట్టీ కనిపించలేదు. చిన్న టెలిస్కోపుల్లో కూడా ఒకే పట్టీతో గ్రహం బోసిగా కనిపించింది. పట్టీ ఎక్కడికీ పోలేదు, పైన తెల్లని అమ్మోనియా మంచు మేఘాలు కమ్ముకున్నాయంతే. ఆ ఏడాది నవంబరులో ఒకచోట గాలివాన పైకి పొడుచుకొచ్చి, అక్కడినుంచి పట్టీ మళ్ళీ తెరుచుకుంది. ఇలా కొన్నేళ్ళకు ఒకసారి జరుగుతూనే ఉంటుంది.

## తుఫానులు, మెరుపులు

గురుడి ఎర్ర మచ్చ మన తుఫానులాంటిదేనా?

కాదు, ఒక ముఖ్యమైన విషయంలో పూర్తిగా ఎదురు. మన తుఫాను మధ్యలో అల్పపీడనం ఉంటుంది. ఎర్ర మచ్చ మధ్యలో అధికపీడనం. అది గురుడి దక్షిణార్ధగోళంలో ఉండి అపసవ్య దిశలో తిరుగుతుంది. బంగాళాఖాతం తుఫాను కూడా అపసవ్య దిశలోనే తిరుగుతుంది, కానీ మనం ఉత్తరార్ధగోళంలో ఉన్నాం. అర్ధగోళం మారితే అదే దిశకు అర్థం తిరగబడుతుంది. ఎర్ర మచ్చకు సముద్రపు వేడి అక్కర్లేదు. ఉత్తర అంచున పడమరకూ, దక్షిణ అంచున తూర్పుకూ వీచే రెండు జెట్ల మధ్య ఇరుక్కుని తిరుగుతూ, దారిలో ఎదురైన చిన్న సుడుల్ని మింగుతూ ఉంటుంది. అంచుల్లో గాలి గంటకు 640 కి.మీ. దాటుతుందని హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ కొలతలు చెబుతున్నాయి.

లోతు సంగతి: జూనో కొలతల ప్రకారం 300 కి.మీ.కు పైన, 500 కి.మీ.కు లోపు. పదహారు వేల కిలోమీటర్ల వెడల్పుతో పోలిస్తే పలుచని బిళ్ళే.

మూడు వందల ఏళ్ళకు పైగా ఉందంటారు, ఎలా తెలుసు?

ఆ మాట ఇప్పుడు అనుమానంలో పడింది. 1665లో జియోవన్నీ కాసిని అనే ఖగోళ శాస్త్రవేత్త గురుడి మీద ఒక మచ్చను చూసి రాశాడు, 1713 వరకు దాని ప్రస్తావనలు ఉన్నాయి. ఆ తర్వాత వందేళ్ళకు పైగా ఎవరూ ఏమీ రాయలేదు. ఇప్పటి మచ్చకు తొలి ఆధారం 1831 నాటి బొమ్మ. పాత బొమ్మల్లో మచ్చ పరిమాణాన్నీ, కదలికనూ లెక్కగట్టి చూసి, ఆ రెండూ వేర్వేరు సుడులై ఉండాలని 2024లో ఒక పరిశోధన తేల్చింది. కాబట్టి కనీసం 190 ఏళ్ళు అని చెప్పడమే భద్రం. అది కూడా తక్కువేం కాదు.

చిన్నదైపోతోందట, మన కాలంలోనే మాయమవుతుందా?

చిన్నదవుతున్న మాట వాస్తవం. 19వ శతాబ్దం చివర్లో దాని వెడల్పు సుమారు 40,000 కి.మీ., అంటే మూడు భూములు పక్కపక్కన పట్టేవి. 1979లో వాయేజర్ కొలిచినప్పుడు 23,000. ఇప్పుడు 16,000 చిల్లర, ఒక భూమి కాస్త సులువుగా పట్టేంత. వెడల్పు తగ్గుతున్నకొద్దీ మచ్చ గుండ్రంగా మారుతోంది. మాయమయ్యే తేదీ చెప్పే వార్తల్ని నేనైతే నమ్మను. బయట కనిపించే మేఘాల వెడల్పు తగ్గడం, లోపలి సుడి బలం తగ్గడం ఒకటే కావాలని లేదు.

ఎరుపు రంగు దేనివల్ల?

ఇంకా తేలలేదు. మచ్చ పైభాగం చుట్టుపక్కల మేఘాల కన్నా ఎత్తుగా ఉంటుంది. అక్కడ అతినీలలోహిత కిరణాలు అమ్మోనియా, అసిటిలీన్‌లాంటి వాయువుల మీద పడి ఎర్రటి పదార్థాలు తయారవుతాయన్నది బలమైన ఊహ. దీనికి ఊతమిచ్చే సంఘటన ఒకటి ఉంది. 1930ల చివర్లో పుట్టిన మూడు తెల్లని సుడులు 1998, 2000లలో ఒకదానితో ఒకటి కలిసి ఒకే పెద్ద సుడి అయ్యాయి. తెల్లగా ఉన్న ఆ సుడి 2005, 2006 నాటికి ఎర్రబడింది.

ధ్రువాల దగ్గర తుఫానుల గుంపు ఉందంటారు, అవి ఢీకొట్టుకోవా?

2016లో జూనో వెళ్ళేదాకా గురుడి ధ్రువాల్ని పైనుంచి ఇంత స్పష్టంగా చూసినవాళ్ళే లేరు. తీరా చూస్తే ఉత్తర ధ్రువం దగ్గర ఒక తుఫాను, దాని చుట్టూ ఎనిమిది. దక్షిణాన ఒకటి, చుట్టూ అయిదు. దక్షిణాన ఉన్నవాటిలో ఒక్కొక్కటి 5,600 నుంచి 7,000 కి.మీ. వెడల్పు. ఇవి మన తుఫానుల్లాగే అల్పపీడన సుడులు. 2019లో దక్షిణాన ఒక చిన్న ఆరోది వరుసలో దూరడానికి చూసింది, నిలవలేదు.

ఢీకొట్టుకోకపోవడానికి కారణం ఉంది. వేగంగా తిరిగే గోళం మీద అల్పపీడన సుడులు ధ్రువం వైపు జరుగుతూ పోతాయి. అక్కడ అప్పటికే ఒకటి కూర్చుని ఉంటుంది. ప్రతి సుడి చుట్టూ ఎదురు దిశలో తిరిగే గాలి వలయం ఉండి పక్కదాన్ని కాస్త దూరంగా నెడుతుంది. ఆ లాగడానికీ ఈ నెట్టడానికీ మధ్య అవి సర్దుకున్నాయి.

అక్కడా మెరుపులు మెరుస్తాయా?

మెరుస్తాయి. గురుడి చీకటి వైపు మెరుపుల్ని 1979లో వాయేజర్ 1 ఫోటో తీసింది. మన దగ్గర మెరుపులు ఉష్ణమండలంలో ఎక్కువ, గురుడిలో ధ్రువాల వైపు ఎక్కువ. మధ్యరేఖ దగ్గర పడే ఎండ పైపొరను కాస్త వెచ్చబెడుతుంది, దాంతో అడుగునుంచి వేడిగాలి సులువుగా పైకి రాలేదు. ధ్రువాల దగ్గర ఆ అడ్డు లేదు.

## శని ప్రత్యేకతలు

శని ఉత్తర ధ్రువం మీద ఆరు మూలల ఆకారం నిజంగా ఉందా, ఎడిట్ చేసిన ఫోటోనా?

నిజంగానే ఉంది. వాయేజర్ ఫోటోల్ని ధ్రువం పైనుంచి చూస్తున్నట్టు కలిపి అతికించాక 1988లో డేవిడ్ గాడ్‌ఫ్రీ అనే శాస్త్రవేత్త దీన్ని ప్రకటించాడు. ఒక్కో భుజం సుమారు 14,500 కి.మీ., భూమి అడ్డుకొలత కన్నా పెద్దది. అది గట్టి వస్తువు కాదు. గంటకు 300 కి.మీ. పైగా వేగంతో ధ్రువం చుట్టూ తిరిగే జెట్ స్ట్రీమ్ ఆరు మెలికలు తిరిగింది, అంతే. తిరిగే నీటి తొట్టెలో లోపలి భాగాన్నీ బయటి భాగాన్నీ వేర్వేరు వేగాలతో తిప్పితే ఇలాంటి బహుభుజాలు వాటంతట అవే వస్తాయని ఆక్స్‌ఫర్డ్ ప్రయోగశాలలో చేసి చూపించారు. వేగాల తేడాను బట్టి మూలల సంఖ్య మారుతుంది. దక్షిణ ధ్రువం దగ్గర మాత్రం ఇలాంటి ఆకారం లేదు.

2012కూ 2016కూ మధ్య ఆ ప్రాంతం నీలం నుంచి బంగారు రంగుకు మారింది. ఉత్తరాన వేసవి దగ్గరపడి ఎండ తగలడంతో పొగమంచు పెరిగింది.

శని మీద ముప్పై ఏళ్ళకోసారి పెద్ద తుఫాను వస్తుందట?

1876, 1903, 1933, 1960, 1990, 2010. ఇవీ నమోదైనవి. 1933 నాటిదాన్ని కనిపెట్టింది విల్ హే అనే బ్రిటిష్ హాస్యనటుడు. పగలు నవ్వించడం, రాత్రి టెలిస్కోప్ పట్టుకోవడం ఆయన పని.

2010 డిసెంబరులో మొదలైనదాన్ని కాసిని నౌక దగ్గరనుంచి చూసింది. మెరుపుల రేడియో చప్పుళ్ళు ముందు వినిపించాయి. రెండు నెలల్లో దాని తోక గ్రహమంతా చుట్టేసింది.

అంతకాలం ఊరకుండి ఒక్కసారిగా ఎందుకు? మన దగ్గర తేమగాలి పొడిగాలి కన్నా తేలిక, అందుకే మబ్బు పైకి లేస్తుంది. హైడ్రోజన్ నిండిన శనిలో నీటి ఆవిరే బరువు. ఒక పెద్ద తుఫాను వచ్చి నీరంతా లోతుకు రాలిపోయాక పైన తేలికైన పొడి పొర, కింద బరువైన తేమ పొర మిగులుతాయి. కిందిది వేడిగా ఉన్నా బరువు వల్ల లేవలేదు. పై పొర మెల్లగా చల్లబడి చల్లబడి కిందిదానికన్నా బరువెక్కాలి. దానికి దశాబ్దాలు పడుతుంది. ఆ రోజు వచ్చాక కట్ట తెగుతుంది.

శని మీద తుఫాను వస్తే ఏలినాటి శని ప్రభావం మారుతుందా?

మారదు. ఏలినాటి శని లెక్క శని కక్ష్య నుంచి వచ్చింది. పన్నెండు రాశులు చుట్టడానికి 29.5 ఏళ్ళు, మూడు రాశులకు సుమారు ఏడున్నర. మేఘాలతో దానికి సంబంధం లేదు. కాకపోతే ఒక తమాషా ఉంది. అదే 29.5 ఏళ్ళు శనికి ఒక సంవత్సరం, అందులో నాలుగో వంతు ఒక ఋతువు. ఏలినాటి శని ఎంతకాలమో శని గ్రహం మీద ఒక ఎండాకాలం కూడా అంతకాలమే.

## యురేనస్, నెప్ట్యూన్

యురేనస్ పక్కకు పడుకుని తిరుగుతుంది కదా, అక్కడ ఋతువులు ఎలా ఉంటాయి?

అక్షం వాలు 98 డిగ్రీలు, సంవత్సరం 84 ఏళ్ళు. ఒక్కో ధ్రువానికి దాదాపు 42 ఏళ్ళు పగలు, 42 ఏళ్ళు రాత్రి. అయినా రాత్రి ధ్రువం పగటి ధ్రువం కన్నా పెద్దగా చల్లగా ఉండదు. వాతావరణం వేడెక్కడానికీ చల్లారడానికీ అంత సమయం తీసుకుంటుంది.

1986 జనవరిలో వాయేజర్ 2 వెళ్ళినప్పుడు గ్రహం నున్నని గోళీలా కనిపించింది, జనం నిరాశపడ్డారు. 2007లో ఎండ మధ్యరేఖ మీదికి వచ్చే సమయానికి మేఘాలు, సుడులు కనిపించసాగాయి. 2014లోనూ పెద్ద గాలివానలు కనిపించాయి. లోపలి వేడి మాత్రం నాలుగు గ్రహాల్లో దీనికే తక్కువ. ఏదో భారీ ఢీ వల్ల లోపలి వేడి ముందే బయటికి పోయిందని ఒక ఊహ, లోపలి పొరలు వేడిని పైకి రానివ్వడం లేదని ఇంకొకటి.

నెప్ట్యూన్‌కు ఎండే సరిగా అందదు, అన్నిటికన్నా వేగంగా గాలులు అక్కడే ఎందుకు?

నెప్ట్యూన్‌కు చేరే ఎండ మనకు చేరేదానిలో 900వ వంతు. గాలి వేగం మాత్రం గంటకు 2,000 కి.మీ. దాటుతుంది. శక్తి ఎక్కువైతే గాలి ఎక్కువ అన్న మన లెక్క ఇక్కడ పనిచేయదు. శక్తి తక్కువైతే గాలిని అణిచే చిన్నచిన్న అల్లకల్లోలాలు కూడా తక్కువవుతాయి. రాబడి తక్కువే, ఖర్చు అంతకన్నా తక్కువ. ఇంకో విశేషం, యురేనస్, నెప్ట్యూన్ మధ్యరేఖ గాలులు పడమటికి వీస్తాయి. గురుడు, శనిలో తూర్పుకు.

నెప్ట్యూన్ నల్ల మచ్చ ఇంకా ఉందా?

1989 ఆగస్టులో వాయేజర్ 2 చూసినది లేదు. 1994లో హబుల్ చూసేసరికే పోయింది. ఆ తర్వాత వేరే మచ్చలు వచ్చాయి, పోయాయి. అక్కడి మచ్చలు గురుడి ఎర్ర మచ్చలా రెండు జెట్ల మధ్య బందీలు కావు. మధ్యరేఖ వైపు జరిగి చెదిరిపోతుంటాయి.

నెప్ట్యూన్ నిజంగా అంత ముదురు నీలమా?

కాదు. మేఘాలు స్పష్టంగా కనిపించాలని వాయేజర్ ఫోటోల్లో రంగు పెంచారు. అప్పట్లో ఆ సంగతి రాశారు కూడా, కాలక్రమంలో ఫోటో మిగిలింది, వివరణ పోయింది. 2024లో రంగుల్ని సరిచేసి చూస్తే యురేనస్, నెప్ట్యూన్ రెండూ లేత ఆకుపచ్చ కలిసిన నీలమే. నెప్ట్యూన్ ఒక ఇసుమంత ఎక్కువ నీలం.

వజ్రాల వాన కురుస్తుందన్నది నిజమేనా?

వాతావరణంలో కురవదు. వేల కిలోమీటర్ల లోతున, లక్షల రెట్ల పీడనంలో కార్బన్ వజ్రంగా మారి ఇంకా లోతుకు దిగుతుండవచ్చన్నది ఊహ. 2017లో పాలీస్టైరీన్ ప్లాస్టిక్ మీద శక్తిమంతమైన లేజర్లు ప్రయోగించి అతి చిన్న వజ్రాలు పుట్టడం ప్రయోగశాలలో చూశారు. వార్తల శీర్షికలు దాన్ని వానగా మార్చేశాయి.

## ఎలా తెలిసింది, మనం ఏం చూడొచ్చు

గురుడి లోపలికి ఎవరైనా ఏదైనా పంపారా?

ఒక్కటే. 1995 డిసెంబరు 7న గెలీలియో నౌక వదిలిన శోధక యంత్రం సెకనుకు 47 కి.మీ. వేగంతో దూరి, పారాచూట్ విప్పుకుని, గంటకు కాస్త తక్కువసేపు సమాచారం పంపింది. పీడనం 22 బార్లు దాటేవరకు బతికింది. లోతుకు పోయేకొద్దీ గాలి తగ్గుతుందనుకుంటే పెరిగింది. నీరు మాత్రం చాలా తక్కువ కనిపించింది. దురదృష్టం ఏమిటంటే అది పడిన చోటు పొడిగాలి కిందికి దిగే ప్రాంతం, గురుడి ఎడారి అనుకోండి. ఒక్క చోట కొలిచి గ్రహమంతటికీ చెప్పలేమని ఆ యంత్రం నేర్పింది.

మా ఇంటి డాబా మీదనుంచి వీటిలో ఏం కనిపిస్తాయి?

60 లేదా 80 మి.మీ. టెలిస్కోప్‌తో గురుడి రెండు గోధుమ పట్టీలు కనిపిస్తాయి. ఎర్ర మచ్చకు ఇంకాస్త పెద్దది కావాలి, గాలి నిలకడగా ఉన్న రాత్రి కావాలి, మచ్చ మనవైపు తిరిగి ఉన్న వేళ కావాలి. మొదటిసారి చూసినప్పుడు ఎర్రగా కనిపించకపోతే టెన్షన్ పడొద్దు, కంటికి అది లేత ఇటుక రంగు మరకంతే. రాత్రి పొద్దుగూకగానే ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూస్తే గ్రహం దాదాపు పూర్తిగా ఒక చుట్టు తిరిగి ఉంటుంది.

తెలుగు నేల మీదనుంచి చూసేవాళ్ళకు యూరప్ వాళ్ళకు లేని సౌకర్యం ఒకటుంది. మన అక్షాంశాల్లో గ్రహాలు ఆకాశంలో బాగా ఎత్తుకు వస్తాయి, కాబట్టి మధ్యలో అడ్డొచ్చే గాలి పొర పలుచన. మంచు లేని రాత్రి, నడినెత్తికి దగ్గరగా వచ్చినప్పుడు చూడండి.

వేరే నక్షత్రాల చుట్టూ ఉన్న భారీ గ్రహాల మీద వాతావరణం తెలుస్తుందా?

కొంత తెలుస్తుంది. హెచ్‌డీ 189733 బి అనే గ్రహం తన నక్షత్రానికి ఎంత దగ్గరంటే అక్కడ ఏడాది 2.2 రోజులే. ఒక వైపు ఎప్పుడూ పగలే. గ్రహం తిరుగుతుంటే వచ్చే వేడి వెలుగు మార్పుల్ని స్పిట్జర్ టెలిస్కోప్‌తో కొలిచి 2007లో దాని ఉష్ణోగ్రత పటం గీశారు. అన్నిటికన్నా వేడి చోటు నడినెత్తిన ఎండ పడే చోట లేదు, దానికి తూర్పున ఉంది. గాలి వేడిని అటు తోసుకుపోతోంది. ఆ తర్వాత గాలి వేగం కూడా నేరుగా కొలిచారు, సెకనుకు సుమారు 2 కి.మీ.

యురేనస్‌కు మళ్ళీ నౌక ఎప్పుడు వెళ్తుంది?

ఇంకా ఖరారు కాలేదు. అమెరికా గ్రహ శాస్త్రవేత్తలు 2022లో తమ పదేళ్ళ ప్రణాళికలో యురేనస్ చుట్టూ తిరిగే నౌకనూ, దాని వాతావరణంలోకి దిగే శోధక యంత్రాన్నీ మొదటి ప్రాధాన్యంగా పెట్టారు. ప్రయాణానికే పన్నెండు, పదమూడేళ్ళు పడుతుంది. గురుడి వైపు మాత్రం యూరప్ నౌక జ్యూస్ బయల్దేరి వెళ్తోంది, 2031లో చేరుతుంది.